నోరు తెరిచే ఒప్పందం

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. ఇంట్లో అందరం పిడుగు అంటాం. ఆ పేరు ఎవరు పెట్టారో గుర్తులేదు గానీ, పెట్టినవాళ్లు మాత్రం పొరబడలేదు. రక్తంలో కేన్సర్ అని తేలాక, దానికి మూడో విడత మందు ఎక్కించే సమయానికి అక్క ఒళ్లో రెండు నెలల చంటిపాప ఉంది. బావ తెల్లవారకముందే పాల వ్యాను ఎక్కుతాడు. ఇక మిగిలింది నేను. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లను పేటల వారీగా విడదీయడం నా పని. సెలవు పెట్టి, సంచి సర్దుకుని ఆసుపత్రికి వచ్చాను.

మందు ఎక్కించిన ఆరో రోజు పొద్దున్న నర్సమ్మ దాని నోట్లోకి చూసి, "నోరు పూసిందమ్మా" అంది.

"పూస్తే కాయలు కూడా కాస్తాయా?" అని అడిగింది పిడుగు.

నర్సమ్మ నవ్వు ఆపుకుని విడమరిచి చెప్పింది. "చెడ్డ కణాలు గబగబా పెరుగుతాయి. అలా పెరిగేవాటినల్లా ఈ మందు కొడుతుంది. నోటి లోపలి చర్మం కూడా గబగబా పెరిగేదే. పాపం, మధ్యలో దానికీ నాలుగు దెబ్బలు తగిలాయి. తెల్లకణాలు పెరగడం మొదలైతే అదే మానుతుంది."

మర్నాటికి నాలుక అంచుల మీద, పెదవుల లోపల తెల్లటి పుళ్లు లేచాయి. మంచినీళ్ల గుటక కూడా గండమైంది. పిడుగు మాట మానేసి నోటుబుక్కు, పెన్ను చేతిలోకి తీసుకుంది. నర్సమ్మ పూటపూటకీ వచ్చి సున్నా నుంచి పది వరకు అంకెలున్న అట్ట చూపించి నొప్పెంత అని అడిగేది. పిడుగు ప్రతిసారీ రెండు మీద వేలు పెట్టేది.

తెల్లకణాలు బాగా పడిపోవడంతో దాన్ని అద్దాల గదిలోకి మార్చారు. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుంటేనే లోపలికి రానిస్తారు. అక్కడికే వచ్చాడు పళ్ల డాక్టరు. మనిషి నిచ్చెనంత పొడుగు. గుమ్మం దగ్గర తల వంచడం మర్చిపోయి రోజూ ఓసారి కొట్టుకునేవాడు.

"నోరు చూపిస్తావా తల్లీ? ముట్టుకోను, లైటు వేసి చూస్తానంతే."

పిడుగు పెదవులు బిగించింది. రెండో రోజూ అంతే. మూడో రోజు డాక్టరు స్టూలు మీద కూర్చుని బతిమాలాడు. "పుళ్ల మీద వేరే తెల్లపూత ఏదైనా చేరిందేమో చూడాలమ్మా. చేరితే మందు వేరు. చూడకుండా నేనేం ఇవ్వను?"

అది నోటుబుక్కు తీసి రాసింది: ముందు మీది.

"నాదా? ఈ గదిలో నేను మాస్కు తియ్యకూడదు."

పిడుగు తలుపు వైపు వేలు చూపించింది. పెద్దమనిషి కాసేపు ఆలోచించి బయటికి నడిచాడు. అద్దానికి అవతల నిలబడి, మాస్కు దించి, నడుం వంచి, నోరు బార్లా తెరిచాడు. పిడుగు ఇవతల నుంచి నా ఫోన్ టార్చి వేసింది. కారిడార్‌లో మంచం తోసుకుపోతున్న ఇద్దరూ మంచం సంగతి మర్చిపోయి నిలబడిపోయారు.

చాలాసేపు చూసింది. చూసి, పేజీ నిండా పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించింది: ఎడమవైపు కింద, చివరి పన్ను. నల్లగా ఉంది. పుచ్చు.

డాక్టరు టక్కున నోరు మూశాడు. లోపలికి వచ్చాక నాతో గొంతు తగ్గించి, "రెండేళ్లయిందండీ. తీయించుకోవాలి" అన్నాడు.

"మరి తీయించుకోలేదేం?"

"నాకు సూదంటే భయం" అన్నాడు, ఇంకా తగ్గించి.

పిడుగు చెవులు మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయి. భుజాలు అదిరేలా నవ్వబోయి, నొప్పెట్టి ఆగిపోయింది. మాట ప్రకారం నోరు తెరిచింది. డాక్టరు పుళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది. వేరే పూత ఇంకా ఏమీ చేరలేదట. బ్రష్షు బదులు మెత్తటి స్పాంజి పుల్ల, రోజుకు ఆరుసార్లు ఉప్పూ సోడా కలిపిన నీళ్లతో పుక్కిలింత, గంజి తాగే ముందు నోటికి తిమ్మిరెక్కించే మందు రాసిచ్చాడు.

పుక్కిలించడం దగ్గర మళ్లీ మొరాయించింది. మీ పన్ను ఎప్పుడు, అని రాసింది.

"రేపు. తప్పకుండా."

రేపు వచ్చింది. ఆయనకి మీటింగు అడ్డొచ్చింది. నేను గిన్నె పట్టుకుని నిలబడితే, పిడుగు నోటుబుక్కు చూపించింది: నాకు మీటింగుంది. ఆ మర్నాడు ఆయన స్కూటరు చెడిపోయింది. పిడుగు రాసింది: నా స్కూటరు కూడా. మూడో రోజు ఆయనింటికి చుట్టాలొచ్చారు. నేను గిన్నె ఎత్తేలోపే పేజీ సిద్ధంగా ఉంది: మా చుట్టాలు ఇప్పుడే దిగారు, భోజనాలు పెట్టాలి.

"ఎక్కడే నీ చుట్టాలు?" అన్నాను.

నన్నే చూపించింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పూటకి ఒకటి రెండుసార్లయినా పుక్కిలించడం లేదు, గంజి రెండు చెంచాలు దాటడం లేదు. నేను వెళ్లి పళ్ల డాక్టరుని ఆయన గదిలోనే పట్టుకున్నాను.

"డాక్టరుగారూ, మీ పన్ను మీ ఇష్టమే, కాదనను. కానీ మా పిల్ల నోరు మీ పన్నుకి ముడిపడి ఉంది. మీరు వాయిదా వేస్తే అదీ వేస్తోంది."

ఆయన దవడ తడుముకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అద్దానికి అవతల ప్రత్యక్షమయ్యాడు. ఎడమ బుగ్గ పొంగి ఉంది. ఏదో అన్నాడు గానీ, తిమ్మిరెక్కిన పెదవిలోంచి ఒక్క ముక్కా తిన్నగా రాలేదు. మాస్కు దించి నోరు తెరిచాడు. పన్ను ఉండాల్సిన చోట దూది ముద్ద ఉంది. పిడుగు టార్చి వేసి నాలుగు పక్కలా తనిఖీ చేసి, వెళ్లొచ్చు అన్నట్టు తలూపింది.

ఆయన వెళ్లలేదు. జేబులోంచి మందుచీటీల కట్ట తీశాడు. తర్వాత ఇద్దరూ అద్దానికి అటూ ఇటూ కాగితాలు ఆనించుకుంటూ కూర్చున్నారు. నేను మధ్యలో చదువుకుంటూ ఉన్నాను.

నొప్పా? అని పిడుగు.

చాలా. తిమ్మిరి దిగుతోంది. పదికి ఆరు, అని ఆయన. నీకు?

పిడుగు పెన్ను పట్టుకుని ఆగింది. ఒకసారి నా వైపు చూసింది. చేతిని అడ్డం పెట్టుకుని రాసింది గానీ, అద్దానికి ఆనించేటప్పుడు నాకు కనబడింది: ఎనిమిది.

"మరి రోజూ రెండంటావేమే?"

అది చిన్న అక్షరాలతో రాసింది: ఎక్కువ చెబితే మీరు అమ్మకి చెబుతారు. అమ్మ చెల్లిని వదిలేసి వచ్చేస్తుంది. చెల్లికి పాలెవరిస్తారు?

నేను మాస్కులోనే ముక్కు ఎగబీల్చాను. పళ్ల డాక్టరు అప్పటికే నర్సమ్మని పిలిచి, సైగలు చేసి, చీటీ చూపించి, పెద్ద డాక్టరుని రప్పించాడు. సాయంత్రానికి నొప్పి మందు సెలైన్‌లో ఎక్కడం మొదలైంది. వారం రోజుల్లో మొదటిసారి పిడుగు మూతి వదులుగా పెట్టుకుని పడుకుంది.

అక్కకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎనిమిదా?" అంది. మర్నాడు పాలు పిండి సీసాల్లో పెట్టి, చంటిదాన్ని బావ చేతుల్లో పెట్టి వచ్చింది. పిడుగు వాళ్లమ్మని చూసి మొదట కోపంగా కళ్లు ఉరిమింది. "సీసాలో పెట్టొచ్చానే" అని అక్క చెప్పాకే పక్కన చోటిచ్చింది. ఆ పూట అక్క పట్టిన గిన్నెలోకి మారు మాట లేకుండా పుక్కిలించింది.

మందు ఎక్కించిన పదిహేనో రోజు నుంచి తెల్లకణాలు పెరగడం మొదలైంది. పుళ్లు ఒక్కొక్కటే మానాయి. ఇరవయ్యో రోజు మమ్మల్ని ఇంటికి పంపారు. వచ్చే విడతలో మందు ఎక్కేటప్పుడు నోట్లో ఐసు ముక్కలు పెట్టి చూద్దామని, చల్లదనానికి ఆ మందు నోటి దాకా తక్కువగా చేరుతుందని పళ్ల డాక్టరు చెప్పాడు. పిడుగు ఏ రంగు ఐసు అని అడిగింది, నోటితోనే. గొంతు బొంగురుగా వచ్చింది.

అక్క ఇంట్లో చంటిదాని దగ్గర ఉంది; బావ వ్యానులో బావ, పిడుగు, నేను ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. దారిలో దానికి ఆకలేసింది. బ్రెడ్డు ముక్కని పాలలో నానబెట్టి ఇచ్చాను. నెమ్మదిగా, ఒక పక్కనే నములుతూ సగం తిన్నది. మిగతా సగం నేను తిన్నాను.