రాయి ఒకటా, రెండా

ఉమాశ్రీది తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఎలక్ట్రానుకి కూడా పిసరంత ఎరుక ఉండి ఉంటుందని ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో బుర్రలో పడింది, ఇక వదల్లేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో, రెండువేల సంవత్సరం గండం గట్టెక్కించడానికి కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దుతున్నా అదే ధ్యాస. ఉద్యోగం మానేసి దీనిమీదే పరిశోధన చెయ్యాలని ఆమె పట్టు.

సీటు ఇవ్వాల్సింది లింగంపల్లి దగ్గరి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కామేశ్వరరావు. పదిహేను రోజుల క్రితం ఆయన ఆమెని ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎరుక ఉందనే అనుకుందాం. కోటానుకోట్ల చిన్న ఎరుకలు కలిసి మీలో 'నేను' అనే ఒక్కటి ఎలా అయ్యాయండీ? ఆ లెక్కన ఇసుక కుప్పకీ మనసుండాలిగా?" జవాబు తెస్తేనే సీటు. గడువు ఈరోజు సాయంత్రం నాలుగు.

మధ్యాహ్నం అన్నం సహించక ఆమె బయటికొచ్చింది. పక్క స్థలంలో రాతిపనివాడు నర్సయ్య బండలు కొడుతున్నాడు. ఉలి పెట్టేముందు బండని తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఎందుకండీ ఆ దణ్ణం?"

"అడగకుండ కొడ్తమా బిడ్డా? మా తాతల కాడికెల్లి గిదే పద్ధతి."

"రాయికి తెలుస్తుందంటారా?"

"గది నాకేమెర్క. ఒకటా, రెండా, గదైతే చెప్తది. జర ఇను." సుత్తెతో మెల్లగా తట్టాడు. బండ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఖంగున మోగింది. "గిది ఒకటి." పక్కదాన్ని తట్టాడు. పైకి అదీ నున్నగానే ఉంది గాని, దబ్బుమని ఊరుకుంది. "గిది రెండు. లోపల పగులున్నది. ఈడ కొడితే ఆడికి పోదు."

"మరి ఆ కంకర కుప్ప?"

నర్సయ్య నవ్వాడు. "దాంట్ల ఏముంటది? దేని సప్పుడు దానిదే."

ప్రొఫెసర్ అడిగిన ఇసుక కుప్పకి జవాబు దొరికింది ఉమాశ్రీకి. ఇంత సంతోషం ఆమెకి మొదటి జీతం రోజున కూడా కలగలేదు. ఆఫీసులో చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కేసింది.

"కుప్పకి మనసు లేదండి," అంది ప్రొఫెసర్ గది గుమ్మంలోంచే, ఆయాసపడుతూ. "అందులో దేనిది దానిదే. ఒక మూల తగిలింది అన్ని మూలలకీ చేరితేనే అది ఒక్కటి. నా తలలో అలా చేరుతోంది గనకే నేను ఒక్కదాన్ని." నర్సయ్య కథంతా చెప్పింది.

"అయితే పగుల్లేని బండకి మనసున్నట్టేనా?"

చచ్చింది గొర్రె. ఉందంటే నవ్వుతాడు, లేదంటే ఇంతసేపు చెప్పిందంతా గంగపాలు.

"తెలీదండి," అంది చివరికి. "ఎంత చేరితే, ఎలా చేరితే చాలో నాకు తెలీదు. కనుక్కోవాలనే వచ్చాను."

కామేశ్వరరావు బల్లమీదున్న ఆమె దరఖాస్తు లాక్కుని సంతకం పెట్టాడు.

"ముప్ఫై ఏళ్ళుగా అందరినీ ఇదే అడుగుతున్నాను. అందరూ ఏదో జవాబు చెప్పారు, తెలీదన్నది మీరొక్కరే. నాకూ తెలీదండీ. ఆ నర్సయ్య ఎన్నింటిదాకా ఉంటాడు?"

"పొద్దు గుంకేదాకా ఉంటారండి."

"మరింకా నిలబడ్డారేం?" అంటూ ఆయన చెప్పులు తొడుక్కుని, ఆమెకన్నా ముందే మెట్లు దిగాడు.