ఆఖరి అరపేజీ

బెజవాడ వన్ టౌన్‌లో నిసార్ అహ్మద్ కొట్టు మెట్లెక్కేవాళ్ళు రెండే రకాలు. ఫ్లెక్సు షాపువాడు కుదరదన్నాక వచ్చేవాళ్ళు, ఫ్లెక్సు షాపుకి దారి అడగడానికి వచ్చేవాళ్ళు. రెండువేల నాలుగో సంవత్సరంలో గుడ్డ మీద కుంచెతో బ్యానరు రాయించుకునే ఓపిక ఎవరికుంది? అందుకే ఆ బుధవారం పొద్దున ముగ్గురు ఒక్కసారిగా లోపలికి వస్తే నిసార్ తలైనా ఎత్తకుండా, "కుడిచేతి వైపు మూడో షాపండీ," అన్నాడు.

"అక్కడికే వెళ్ళొచ్చామండీ. ఆదివారం లోపల కుదరదన్నారు. మాకేమో ఆదివారం మార్నింగ్ షోకి థియేటరు ముందు కట్టాలి," అంది ముందున్న అమ్మాయి.

ఆమె పేరు ఉష. భవానీపురంలో ఒక చిన్న స్కూల్లో టీచరు. పక్కనున్న బొద్దుమనిషి కోటి, మోటారు సామాన్ల షాపులో పనిచేస్తాడు. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ పొడుగాటివాడు అబ్రహాము. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లో చెబుతాడు గానీ, నిజానికి అతని వృత్తి వాదించడం.

ఉష ఒక నోటుపుస్తకం కాగితం అందించింది. "ఈ ముక్క పెద్దక్షరాలతో రాయాలండీ."

నిసార్ చదివాడు. 'మా నీలిమెరుపు తిరిగొచ్చేవాడు. మీవాడేడీ?'

కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అవే అక్షరాలు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి గుండె అలా కొట్టుకోకూడదు గానీ, కొట్టుకుంది.

నీలిమెరుపు ఎవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అతను పరాయిదేశపు బొమ్మల కథల వీరుడు. నీలం దుస్తులు, భుజాల మీంచి వేలాడే వస్త్రం, ఆకాశంలో ఎగరడం, దుర్మార్గుల్ని చితక్కొట్టడం, అన్నీ మామూలే. తొంభైలో సంజీవరావు అనే పబ్లిషరు ఆ కథల్ని బెజవాడ నుంచి తెలుగులో నెలకో పుస్తకంగా వేయడం మొదలుపెట్టాడు. అయిదేళ్ళు వేశాడు. అద్దె పుస్తకాల షాపుల దగ్గర ఆ పుస్తకం కోసం పిల్లలు జుట్లు పట్టుకున్నారు. సంజీవరావు పోయాక అది ఆగిపోయింది. ఇన్నాళ్ళకి ఆ పరాయిదేశంలోనే దాన్ని సినిమాగా తీశారు. తెలుగులో డబ్బింగు చెప్పించి పోయిన శుక్రవారం ఇక్కడ రిలీజు చేశారు.

నిసార్ దారానికి సుద్ద రాసి గుడ్డ మీద గీతలు కొడుతుంటే ముగ్గురూ బెంచీ మీద కూర్చుని కొట్లాట మొదలుపెట్టారు.

"డ్రెస్సు నల్లగా మార్చేశారండీ!" కోటి గొంతులో నిజమైన బాధ ఉంది. "నీలిమెరుపు అంటే నీలం ఉండొద్దా? ఆ నల్ల తోలుకోటు వేసుకుని, వానలో బుల్లెట్ మీద పోయే ఇన్సూరెన్సు ఏజెంటులా ఉన్నాడు."

"తెర మీద నీలం బనీనుతో ఎగిరితే జనం నవ్వుతార్రా," అన్నాడు అబ్రహాము. "పుస్తకం వేరు, సినిమా వేరు. నీలిమెరుపు వాళ్ళ నాన్నని సైంటిస్టు కాదు, పోలీసు అన్నారు. తప్పేముంది? కథకి బలం వచ్చింది."

"రంగు మార్చుకోండి, నాన్నని మార్చుకోండి," అంది ఉష. "తిరిగి రావడం తీసేస్తే ఎలా? అదే కదా నీలిమెరుపంటే!"

ఈ మాటలు పెద్దాయనకి అర్థం కావేమోనని ఆమె నిసార్ వైపు తిరిగి మర్యాదగా విడమరిచి చెప్పింది. "ప్రతి పుస్తకం చివర ఒక అరపేజీ బొమ్మ ఉండేదండీ. మాటలుండవు. ఫైటింగు అయిపోయాక అతను మళ్ళీ వచ్చి, తను విరగ్గొట్టినవీ, ఒలకబోసినవీ అన్నీ సర్దుతుంటాడు. బండి నిలబెడతాడు, పళ్ళు ఏరి బుట్టలో వేస్తాడు. ఎగిరేవాళ్ళు చాలామంది ఉన్నారండీ. తిరిగొచ్చినవాడు ఇతనొక్కడే."

నిసార్ చెవులు వేడెక్కాయి. "అవునా అమ్మా," అని మాత్రం అన్నాడు.

"నాకు పదకొండేళ్ళప్పుడు వెంకటరత్నమ్మ గారని, మా వీధి మలుపులో మజ్జిగ అమ్మేవారండీ. సైకిలు అదుపు తప్పి ఆవిడ కుండని గుద్దేశాను. మజ్జిగంతా రోడ్డు పాలు. నేను పరారు. ఇంటికెళ్ళి నీలిమెరుపు తెరిస్తే, ఆఖరి అరపేజీలో అతను వంగుని గాజుపెంకులు ఏరుతున్నాడు. ఇంకేం చేస్తానండీ? తిరిగెళ్ళాను."

"ఆవిడేమన్నారు?" అన్నాడు నిసార్.

"చెవి మెలేసి మూడు రోజులు గిన్నెలు తోమించారు." అందరూ నవ్వారు. ఉష కూడా నవ్వింది గానీ, వెంటనే ఆపేసింది. "ఆ రోజు వెళ్ళకపోయుంటే నేను ఎలాంటిదాన్నయ్యేదాన్నో అనిపిస్తుందండీ. ఇప్పుడు మా స్కూలు పిల్లలకి కూడా అదే చెబుతుంటాను."

వాళ్ళు వెళ్ళిపోయాక నిసార్ చాలాసేపు కుంచె ముట్టుకోలేదు.

సంజీవరావు దగ్గర అతని పని బొమ్మల్లో మాటల బుడగల్లోని ఇంగ్లీషు చెరిపి తెలుగు రాయడం. ఇంగ్లీషు పుస్తకంలో చివరి పేజీ కింది సగం బొమ్మ తుపాకుల ప్రకటన. ఇక్కడి పుస్తకానికి ఆ చోట ప్రకటన ఇచ్చేవాడు దొరకలేదు. "ఏదో ఒకటి నింపండి నిసార్ గారూ, ఓ జోకు పడేయండి," అన్నాడు సంజీవరావు. నిసార్‌కి జోకేమీ తోచలేదు. పైనున్న బొమ్మ చూస్తే ఒళ్ళు మండింది. నీలిమెరుపు ఎవరిదో పళ్ళ బండి ఎత్తి దొంగల మీద విసిరి, చప్పట్ల మధ్య ఎగిరిపోతున్నాడు. ఆ బండి ఎవడిది? వాడు రేపు ఏం తోసుకుని బతకాలి? రోజూ తోపుడు బళ్ళ మధ్య నుంచి ఒళ్ళు తప్పించుకుంటూ పనికొచ్చే మనిషికి ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? వెంటనే పెన్సిలు తీసి నీలిమెరుపుని వెనక్కి పిలిచాడు. భుజాల వస్త్రాన్ని కండువాలా నడుముకి బిగించి పళ్ళు ఏరించాడు.

రెండో నెలకి పిల్లల దగ్గర్నుంచి నలభై ఉత్తరాలొచ్చాయి, అన్నీ ఆ అరపేజీ గురించే. సంజీవరావు సంబరపడ్డాడు, భయపడ్డాడు కూడా. "కానివ్వండి. మీరు గీశారని మాత్రం ఎక్కడా అనకండి. ఒక్క గీత మార్చకూడదని ఒప్పందంలో ఉంది." నిసార్ అనలేదు. అరవై నెలలు గీశాడు. సంజీవరావు పోయాక కూడా ఎవరితోనూ అనలేదు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ షాపుల పేర్లు రాసిన చేత్తో, తన మనసులోంచి గీసినవి ఆ అరవై అరపేజీలే. అవి అసలువి కావట, దొంగబొమ్మలట అని ఎవరైనా అంటే తట్టుకోలేడు. అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

శుక్రవారానికి 'మా నీలిమెరుపు' వరకు రాశాడు. ఆ తర్వాత 'తిరిగొచ్చేవాడు' అనే మాట దగ్గర చెయ్యి కదల్లేదు. అది థియేటరు ముందు కడితే, అసలు పుస్తకం చూసినవాడు ఒక్కడు తగిలినా ఆ పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఆ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

ఆ ఒక్కడు అబ్రహామే అయ్యాడు. శనివారం మధ్యాహ్నం ముగ్గురూ బ్యానరు కోసం వస్తే, అతని చంకలో ఒక పొట్లం ఉంది.

"మా మావయ్య షిప్పులో పనిచేస్తాడని చెప్పాగా. ఎన్నేళ్ళ నుంచో అడుగుతుంటే నిన్నటికి తెచ్చాడు. ఒరిజినల్స్, మొదటి పది," అంటూ ప్లాస్టిక్ కవర్లలోంచి జాగ్రత్తగా పుస్తకాలు తీశాడు. "చేతులు తుడుచుకుని ముట్టుకోండి. ఉషా, నువ్వు ఆఖరి పేజీ తియ్యి."

ఉష తీసింది. పైన నీలిమెరుపు ఎగిరిపోతున్నాడు. కింద ప్లాస్టిక్ తుపాకుల ప్రకటన.

రెండో పుస్తకం తీసింది. తుపాకులు. మూడోది. తుపాకులు. పదీ చూసింది.

"చూశావా?" అన్నాడు అబ్రహాము. "పుస్తకంలోనే ఎప్పుడూ రాలేదు, సినిమాలో ఎందుకొస్తాడు? అది ఇక్కడెవడో పేజీ నింపడానికి గీసిన దొంగబొమ్మ. రేపు అందరి ముందూ వేరేవాళ్ళు అనేకంటే ఇవాళ నేనంటే నయం కదా అని తెచ్చాను."

ఉష పుస్తకాలన్నీ అంచులు కలిపి బెంచీ మీద పెట్టింది. "బ్యానరు వద్దులెండి మాస్టారూ," అంది మెల్లగా. "అనవసరంగా మిమ్మల్ని శ్రమ పెట్టాం."

ఊరుకుంటే సరిపోయేది. నిసార్ రహస్యం నిసార్ దగ్గరే ఉండేది. కానీ ఆ అమ్మాయి మెట్లు దిగుతున్న తీరు చూస్తే, పన్నెండేళ్ళ కిందట తిరిగెళ్ళిన పిల్లని ఇక్కడే వదిలేసి పోతున్నట్టుంది. అది చూస్తూ కూర్చోవడం అతని వల్ల కాలేదు.

"ఆగమ్మా," అన్నాడు. "అబ్రహాము చెప్పింది నిజమే. అవి దొంగబొమ్మలే. ఆ దొంగని నేనే."

కోటి నవ్వాడు, హాస్యమనుకుని. నిసార్ కుంచె తడిపి, గుడ్డ మూల ఖాళీలో ఏడెనిమిది గీతలు గీశాడు. వంగిన వీపు. నడుముకి బిగించిన వస్త్రం. దొర్లిపోతున్న పండు కోసం చాపిన చెయ్యి. కోటి నవ్వు సగంలో ఆగింది. ఆ వీపుని వాళ్ళు అరవైసార్లు చూశారు. గుర్తుపట్టడానికి ముఖం అక్కర్లేదు.

మెచ్చుకుంటారని నిసార్ అనుకోలేదు గానీ, అంత కోపమూ ఊహించలేదు.

"మిమ్మల్నెవరు మార్చమన్నారండీ?" అంది ఉష. "ఎవరో రాసుకున్న కథని ఇష్టమొచ్చినట్టు మార్చారనే కదా, వారం నుంచి నేను సినిమావాళ్ళని తిడుతున్నాను. మీరు చేసిందీ అదేగా!"

"అదేనమ్మా."

"మరి ఎందుకు చేశారు?"

నిసార్ కుంచెని నీళ్ళలో పెట్టాడు. "వాడు మంచివాడేననిపించిందమ్మా. ఏదో పెద్ద పని తొందరలో ఉన్నాడు. కింద బండివాడొకడున్నాడని వాడికెవరూ చెప్పలేదు. నేను చెప్పాను, అంతే. చెబితే తిరిగి రాడూ అనుకున్నాను."

ఉష మెట్టు మీదే కూర్చుండిపోయి గుడ్డ మూలనున్న బొమ్మని చూస్తోంది.

"అయితే ఇప్పుడు ఆ నల్ల డ్రెస్సు కూడా ఒప్పేసుకోవాలా ఏంటి?" అన్నాడు కోటి దిగులుగా.

ఉషకి నవ్వొచ్చింది. "అది వేరురా."

"ఎలా వేరు? మార్పు మార్పే," అందుకున్నాడు అబ్రహాము.

"ఎలానో నాకు తెలీదు. వాళ్ళు మార్చింది చూసి నాకేమీ చెయ్యాలనిపించలేదు. ఈయన మార్చింది చూసి తిరిగెళ్ళాను. నాకు తెలిసిన తేడా అదొక్కటే." ఆమె లేచి గుడ్డ దగ్గరికొచ్చింది. "మాస్టారూ, ఈ అక్షరాల మీద తెల్లరంగు కొట్టేయండి. మేం ఎవర్నీ తిట్టం. ఈ సినిమాకి ఆఖరి అరపేజీ లేదు. గీసిపెట్టండి."

"నేను సినిమా చూళ్ళేదమ్మా."

"నేను నాలుగుసార్లు చూశా," అన్నాడు అబ్రహాము. అన్నాక తనే కాస్త సిగ్గుపడ్డాడు. "చివర్లో రైలుపెట్టె ఎత్తి మార్కెట్ మీద పడేస్తాడండీ. ఎడమవైపు పూల కొట్టు. దాని పక్కన గొడుగులు బాగుచేసే ముసలాయన. కాదు కాదు, ముందు గొడుగులు, తర్వాత పూలు."

సాయంత్రం దాకా అతను చెబుతూనే ఉన్నాడు. ముసలాయనది ఎడంచేతివాటమని, విరిగిన గొడుగులు మొత్తం ఆరు అని, అందులో ఒకటి చిన్నపిల్లలదని. అంత శ్రద్ధగా సినిమా చూసిన మనిషిని నిసార్ ఇంకొకణ్ణి ఎరగడు. అబ్రహాము తప్పని చెప్పిన ప్రతి గీతనీ తుడిచి మళ్ళీ గీశాడు. చివరికి రంగు కలపాల్సి వచ్చినప్పుడు నలుపు డబ్బా తీస్తే కోటి, "మీరు కూడానా!" అన్నాడు.

"వాళ్ళ సినిమాకి గీస్తున్నాం బాబూ. వాళ్ళ మనిషి వాళ్ళ బట్టల్లోనే రావాలి," అన్నాడు నిసార్.

ఆదివారం మార్నింగ్ షో వదిలేసరికి బ్యానరు గాంధీనగర్ థియేటరు గేటుకి ఎదురుగా కట్టి ఉంది. మాటలేమీ లేవు. నల్లకోటు చేతులు పైకి మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, నీలిమెరుపు ఒక చిన్న గొడుగు ఊచ సరిచేస్తున్నాడు. ముసలాయన ఎడంచేత్తో దారం అందిస్తున్నాడు. స్కూటరు స్టాండు వైపు పరిగెత్తే జనం ఒక్కొక్కరే ఆగారు. ఒకాయన భార్యతో, "చెప్పానా, చివర పేర్లు పడుతుంటే లేవొద్దని! ఇది మిస్సయ్యాం," అని విసుక్కుని, గేటు దగ్గరికి తిరిగెళ్ళి ఆ సీను ఎప్పుడొస్తుందని అడిగాడు. గేటు మనిషి బ్యానరు చూసి, అతన్ని చూసి, లోపలికెళ్ళి ఆపరేటర్ని కనుక్కొస్తానన్నాడు.

ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్న నిసార్‌కి గ్లాసులో టీ చల్లారిపోయిన సంగతే తెలియలేదు. తన బొమ్మ ముందు మనుషులు ఆగడం అతను ఎప్పుడూ చూడలేదు. పుస్తకాలు ఎవరి ఇళ్ళలో వాళ్ళు చదువుకున్నారు.

అబ్రహాము వచ్చి పక్కన కూర్చున్నాడు. చంకలో అదే పొట్లం. మొదటి పుస్తకం కవరులోంచి తీసి, ఆఖరి పేజీ తెరిచి నిసార్ ముందు పెట్టాడు.

తుపాకుల ప్రకటన లేదు. దాని మీద సరిగ్గా అంచులు కొలిచి తెల్లకాగితం అంటించి ఉంది. నిసార్ కంగారుగా రెండోది తీశాడు, మూడోది తీశాడు. పదింటికీ అంటించి ఉంది.

"ఇవి ఒరిజినల్స్ కదయ్యా! పాడుచేసుకున్నావే!"

అబ్రహాము వాదించలేదు. పేజీ గాలికి లేవకుండా రెండు చేతులతో బల్ల మీద అదిమి పట్టుకున్నాడు. నిసార్ చెవి మీది పెన్సిలు తీశాడు.