ఐదుకు నాలుగు

కేథరిన్ తనకు తాను ఐదుకు నాలుగు మార్కులు వేసుకుంది. తంటా అంతా అక్కడే వచ్చింది.

డెంటల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ మొదలైన రోజు అందరికీ ఒక కాగితం ఇచ్చారు. పన్ను తీయడం, మత్తు సూది వేయడం, సిమెంటు నింపడం, ఒక్కో పనీ ఎంతవరకు వచ్చో ఎవరికి వారే మార్కు వేసుకోవాలి. కరోనాతో కాలేజీ రెండేళ్లు మూతపడి, ఫోనులో పాఠాలు విన్న బ్యాచ్ అది. ఉన్నదున్నట్టు రాస్తే కాగితం నిండా సున్నాలే. కానీ పక్కవాళ్లంతా నాలుగులు వేస్తుంటే సున్నా వేసే ధైర్యం ఎవరికుంటుంది? కింది దవడ పన్ను తీయడం దగ్గర కేథరిన్ కూడా నాలుగు వేసేసింది.

పాపం, ఆ పిల్ల ఇంట్లో ఊరికే కూర్చోలేదు. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపే వాళ్ల నాన్న డేవిడ్ రాజు తెచ్చిన సబ్బులన్నీ పళ్లుగా చెక్కింది. గాజువాకలో ఆ ఇంటిల్లిపాదీ కొన్నాళ్లు దంతాలతోనే ఒళ్లు రుద్దుకున్నారు. సూది ఎక్కడ వేయాలో అద్దం ముందు నోరు తెరుచుకుని, తన దవడ మీదే దూదిపుల్ల ఆనించి నేర్చుకుంది. రోజూ అదే పని.

ఆ నాలుగు చూసి, హౌస్ సర్జన్లకు పని నేర్పే ఉమాశంకర్ సారు ఆమెకు దీవెనమ్మను అప్పగించారు. జాలరిపేటలో చేపలమ్మే మనిషి. ఎడమవైపు కింది దంతం పుచ్చి, వారం నుంచి అన్నం సహించడం లేదు. సారు పక్క కుర్చీ దగ్గరికి వెళ్లగానే కేథరిన్ సూదిలోకి మత్తుమందు ఎక్కించింది. చెయ్యి తప్పితే ఈవిడ గతేం కాను?

దీవెనమ్మ నోరు తెరిచింది. కేథరిన్ సూది పట్టుకుని వంగింది. చెయ్యి తిన్నగా కుడివైపు దవడకు పోయింది. అద్దంలో తన ఎడమ ఎడమ పక్కనే కనిపించేది మరి. ఎదురుగా మనిషి కూర్చుంటే అది అటు మారిపోతుందని తలకు తెలుసు గానీ చేతికి తెలియదు.

సూది ఇంకా ఆనలేదు. దీవెనమ్మ మెల్లగా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. "అటు కాదమ్మా, ఇటేపు."

కేథరిన్ సూది ట్రేలో పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మా, నాను ఇంతవరకూ ఒక్క పన్నూ తియ్యలేదు. వచ్చని అబద్ధం రాసేసాను. సారుని పిలుస్తాను, ఆయనే తీస్తారు."

దీవెనమ్మ కోప్పడలేదు.

"పిలువు. కానీ తీసీది నువ్వే. నాను మొదట సేప కోసినపుడు మాయమ్మ నా సేతి మీద సెయ్యేసి కోయించింది. మీ సారునీ అలగే ఎయ్యమను."

ఉమాశంకర్ సారు వచ్చి అంతా విన్నారు. రెండేళ్ల పని కాగితం మీద పూడ్చుకోమన్న తప్పు తమదేనని, నాలుగులు చూసినప్పుడే తనకు అనుమానం రావాల్సిందని ఒప్పుకున్నారు. తర్వాత ఆమె చేతి మీద చెయ్యి వేశారు. సూది సరైన చోట దిగింది. దవడ మొద్దుబారాక పటకారు పట్టు కుదిరింది. పన్ను కదలడం మొదలయ్యాక ఎప్పుడు తీశారో ఏమో, సారు చెయ్యి అక్కడ లేదు. పన్ను వేళ్లతో సహా బయటికి వచ్చింది.

కేథరిన్ కాగితం తెప్పించుకుని నాలుగు కొట్టేసి, ఒకటి వేసింది. ఆ ఒకటి మాత్రం తనదే.

దీవెనమ్మకు కుడివైపు పన్ను కూడా పుచ్చింది, వచ్చే సోమవారం రావాలి. చీటీ రాసే ఆవిడ, అప్పుడు ఏ డాక్టరు కావాలని అడిగింది. పంటి కింద దూది బిగించి ఉంది, మాట్లాడడానికి లేదు. దీవెనమ్మ వెనక్కి తిరిగి వచ్చి, కేథరిన్ చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకెళ్లింది.