అత్తగారి తుపాకికి సంబంధం

షాపులో నన్ను పేరయ్య అంటారు. అది నా పేరు కాదు. పెళ్ళిళ్ళ పేరయ్యలో సగం. నేను చేసేది కూడా సంబంధాలు కుదర్చడమే కాబట్టి అభ్యంతరం పెట్టను. తుపాకి తెచ్చినవాళ్ళకి దాని మీద గురి చూడ్డానికి ఏ దుర్బిణీ స్కోపు, ఏ సైటు నప్పుతుందో చెప్పి, బిగించి, గురి సరిచేసి పంపడం నా ఉద్యోగం. పొదల మధ్య తిరిగే వేటగాడికి తక్కువ పవరు స్కోపు చాలు. ఎక్కువ పవరు పెడితే పంది చెవి మీద వెంట్రుకలు కనిపిస్తాయి గాని పంది కనిపించదు. ఎగిరే పిట్టలకి వాడే షాట్‌గన్నుకి గొట్టం చివర ఇత్తడి పూస ఉంటే సరిపోతుంది. పిస్తోలుకి ఎర్ర చుక్క కనిపించే చిన్న అద్దం. దూరం కొట్టే రైఫిలుకి మాత్రం బారెడు స్కోపు కావాలి. ఇవన్నీ అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకీ చెబుతాను. విందుల్లో నా పక్క కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంటుందో మా ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఇంత పరిజ్ఞానం ఉన్న నన్ను మా అత్తగారు ఏనాడూ ఒక్క సలహా అడగలేదు. ఆవిడ హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. అప్పటినుంచి క్లబ్బులో ఎయిర్ రైఫిలు కాలుస్తున్నారు, స్ప్రింగుతో పనిచేసే పాత రకం. దాని మీద ఉన్న ఇనుప సైట్లతోనే, అంటే గొట్టం చివరి పూసతోనూ వెనక గాడితోనూ గురి చూసి, జట్టులో చోటు సంపాదించుకున్నారు. నేను రోజంతా అమ్మే సామానేదీ అవసరం లేకుండా ఆవిడ గురి తప్పకపోవడం నాకు కొంచెం అవమానంగానే ఉండేది.

అలాంటి ఆవిడ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, టీ కప్పు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

“గొట్టం చివరి పూస మసకగా కనిపిస్తోంది బాబూ. కళ్ళజోడు మార్చినా అంతే. ఈ ఆదివారం పోటీలో స్కోరు రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇస్తానన్నాడు కెప్టెను.”

కెప్టెనంటే ఊళ్ళో పళ్ళ డాక్టరు. మనిషి మంచివాడే, కాని పీకాల్సినదాన్ని పీకేస్తాడు.

“ఆ జట్టు పోతే నాకు ఆదివారమంటూ ఏమీ మిగలదు. మీకు తెలిసినంతలో ఏదైనా చూసి పెట్టండి” అన్నారు.

తెలిసినంతలో అన్న మాట నాకు గుచ్చుకుంది. నాకెంత తెలుసో క్లబ్బు మొత్తానికి చూపించాలని అక్కడే తీర్మానించుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామూలు తుపాకి పేలితే వెనక్కి ఒక తన్ను తంతుంది. స్ప్రింగు తుపాకి వెనక్కి తన్ని, ఆ వెంటనే ముందుకి గుంజుతుంది. చాలా స్కోపుల్లో అద్దాలని వెనక్కి వచ్చే తన్నుకి తట్టుకునేలా బిగిస్తారు. ముందుకి గుంజితే అవి లోపల్లోపల వదులైపోతాయి. అందుకే స్ప్రింగు తుపాకులకి వేరే స్కోపులుంటాయి. ఈ ముక్క నేను ప్రతి కస్టమరుకీ వేలు చూపించి మరీ చెబుతాను. నాకు తెలియక చేశానంటే కొంచెం పరువైనా మిగిలేది.

ఆ వేరే స్కోపులు మా షాపులో కింది సొరుగులో ఉంటాయి. జానెడు పొడవు, బూడిద రంగు, చూస్తే టార్చిలైటు అనుకుంటారు. అలాంటిది పెట్టుకుని వెళితే “ఎవరు బిగించారండీ” అని ఎవడూ అడగడు. షోకేసులో మాత్రం ఒకటుంది, నల్లగా నిగనిగలాడుతూ, దగ్గరికీ దూరానికీ సర్దుకునే చక్రంతో సహా. అడవి దున్నల్ని కొట్టే రైఫిలు మీద కూడా చెక్కుచెదరదు. దున్నల తుపాకికే చెదరనిది, అత్తగారి తుపాకికి చెదురుతుందా అనుకున్నాను. ఏ తుపాకికో చెప్పకుండా ఓనరుని బతిమాలి ఆదివారం వరకు తెచ్చుకున్నాను.

అత్తగారింట్లో భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, తుపాకి పడుకోబెట్టి, సాయంత్రమంతా కూర్చుని బిగించాను. ఒక్కో మర తిప్పుతూ ఒక్కో విషయం వివరించాను. ఆవిడ ఎదురుగా కూర్చుని విన్నారు.

“దీన్ని మొయ్యడానికి ఇంకో మనిషి కావాలేమో బాబూ” అన్నారు చివరికి.

“ఇక ఈ పాత సైట్లెందుకు అత్తయ్యగారూ, తీసేద్దాం.”

“ఉండనివ్వండి. వాటి దారిన అవి ఉంటాయి.”

శనివారం ఆవిడ క్లబ్బులో కాల్చి వచ్చారు. ఎలా ఉందని అడిగితే, బాగుంది బాబూ అని లోపలికి వెళ్ళిపోయారు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం నేను, మా ఆవిడ ప్రేక్షకుల బెంచీ మీద కూర్చున్నాం. కెప్టెను నా పక్కకే వచ్చి కూర్చున్నాడు. ఖాళీ కుర్చీలన్నీ అయిపోయాయి కాబోలు. నేను ఆ స్కోపు గుణగణాలు వర్ణిస్తుండగా అత్తగారి గుళ్ళు గురి అట్ట మధ్య చుక్క నుంచి మెల్లగా ఎడమకి జరగడం మొదలుపెట్టాయి. తర్వాత కిందికి. తర్వాత ఎటు పడితే అటు. ఆవిడ తుపాకి కింద పెట్టి చెయ్యెత్తారు.

పోటీ అధికారి చూసి, సామాను పాడైందని ఒప్పుకుని, బాగుచేసుకోవడానికి కాస్త సమయం ఇచ్చాడు. నన్ను పిలిచారు. నేను స్కోపులో కన్ను పెట్టి చూశాను. లోపల అడ్డగీత, నిలువుగీత తాగి తూలినట్టు ఒక పక్కకి ఒరిగిపోయాయి.

“తీసెయ్యండి బాబూ. పాతవాటితో కొట్టి వెళ్ళిపోతాను. కనిపించినంత కనిపిస్తుంది” అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మరలు విప్పాను. తెలిసినదంతా పొర్లించే నా నోటికి అప్పుడు మాట రాలేదు. అందుకేనేమో బుర్ర పనిచేసింది. సన్నటి రంధ్రంలోంచి చూస్తే మసక చూపుకి కూడా వస్తువు తేటగా కనిపిస్తుంది. సైట్లలో అన్నిటికన్నా పాతది, అమ్మితే ఏమీ మిగలనిది అదే, వట్టి చిల్లు.

“అత్తయ్యగారూ, మీ సంచిలో ప్లాస్టరుందా?”

రిటైరై ఎన్నేళ్ళైనా నర్సు సంచిలో ప్లాస్టరు ఉంటుంది. చిన్న ముక్క కత్తిరించి, మా ఆవిడ దగ్గర పిన్నీసు తీసుకుని మధ్యలో పొడిచి, ఆవిడ కళ్ళజోడు కుడి అద్దానికి అంటించాను. అధికారి వంగి చూసి, కళ్ళజోడుకి ప్లాస్టరు వేసుకోకూడదని రూల్సులో లేదన్నాడు. అత్తగారు తుపాకి ఎత్తి, ఆ చిల్లులోంచి చూశారు. ప్లాస్టరు ముక్కని వేలితో వెంట్రుకవాసి జరిపారు.

“పూస కనిపిస్తోంది బాబూ” అన్నారు, తనలో తను అనుకున్నట్టుగా.

మిగిలిన గుళ్ళన్నీ ఉండాల్సిన చోట పడ్డాయి. అయినా నేను పాడుచేసినవి పాడైనట్టే. ఫలితాలు చదివినప్పుడు జట్టులో చివరి పేరు ఆవిడది. చివరిదైనా జట్టులోనే ఉంది.

కెప్టెను ఆవిడ కళ్ళజోడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈ సైటు ఎవరు బిగించారండీ?” అన్నాడు.

వారమంతా నేను ఎదురుచూసిన ప్రశ్న.

“మా అల్లుడుగారు. పెద్ద షాపులో ఎక్స్‌పర్టు” అన్నారు అత్తగారు. నేను పిన్నీసు కోసం వెతుకుతున్నట్టు కిందికి వంగాను.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ కారు నడిపింది. చెడిపోయిన స్కోపు నా ఒళ్ళో ఉంది. ఓనరుకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

“నిన్న ప్రాక్టీసులోనే ఆ గీతలు కొంచెం వాలాయి” అన్నారు అత్తగారు వెనక సీట్లోంచి.

నేను తిరిగి చూశాను. “మరి చెప్పలేదేం అత్తయ్యగారూ?”

“ఎలా చెప్పను బాబూ. బిగిస్తున్నంతసేపూ మీ మొహం చూశాను. పెళ్ళైనప్పటినుంచి మా ఇంట్లో మీరు అంతసేపు కూర్చోవడం అదే మొదలు.”

జట్టు పోతే ఆదివారమే మిగలదన్న మనిషి, ఒక సాయంత్రం కోసం ఆ జట్టునే పణంగా పెట్టారు. నాకు చాలా సిగ్గేసింది.

“రేపు సొరుగులోంచి చిన్నది తెస్తాను. చూడ్డానికి ఏం బాగుండదు. కానీ పనిచేస్తుంది. పావుగంటలో బిగించేస్తాను.”

“తీసుకురండి. పావుగంటేం వద్దు. నిదానంగా బిగిద్దురుగాని” అన్నారు అత్తగారు.