పత్న్యర్థం అక్షతాన్ సమర్పయామి

అంట్లు తోమే సబ్బు బిళ్ళ ఆ ఉదయం నా వేళ్ళ మధ్యనే పరమపదించింది. కొన్నాళ్ళుగా క్షీణిస్తూ వచ్చి, చివరికి గోరంత పలచనై, పులుసు గిన్నె అడుగున ఆఖరి నురగ కక్కి అంతర్ధానమైంది. రాజు పోయినా సింహాసనం ఖాళీగా ఉండకూడదు గనుక, నేను వెంటనే పెరట్లోకి వెళ్ళి పొయ్యిలోని బూడిదను తెచ్చి పట్టాభిషేకం చేశాను. కొబ్బరి పీచు మంత్రిగా కొలువుతీరింది. అరుగుమీద కూర్చుని ఇదంతా పరికిస్తున్న మా అత్తగారు పెద్దింట్లమ్మగారు తృప్తిగా తలాడించి, గోడవతల పొరుగావిడకు వినపడేలా, "మా చిన్నకోడలు దేనికైనా బదులు చూడగలదండీ" అన్నారు. ఈ ఇంట్లో నేను సంపాదించిన బిరుదు అదొక్కటే. కనకాభిషేకం లేని బిరుదు.

ఈ ఇంటికి కొడుకు ఒక్కడే. అయినా నేను చిన్నకోడలిని. పెద్దకోడలు హాల్లో గోడమీద, గంధపుచెక్కల దండలో నవ్వుతూ ఉంటుంది. ఆవిడ వీరవేణి, నా తోడబుట్టిన అక్క.

నిరుడు మా రొయ్యల చెరువులకు తెల్లమచ్చ వ్యాధి సోకి, చేతికొచ్చిన పంటంతా గట్టుమీద ఎండి కాకుల పాలైన నాటినుంచి, మా ఇంట ప్రత్యామ్నాయ శాస్త్రం దినదిన ప్రవర్ధమానమైంది. షాంపూ స్థానాన్ని కుంకుడుకాయ, కుంకుడుకాయ స్థానాన్ని పెరటి మందారాకు ఆక్రమించాయి. గ్యాసు బండ అలంకారప్రాయమై, వంట కొబ్బరి మట్టలమీదికీ, పీచు డొక్కలమీదికీ దిగివచ్చింది; ఆ మట్టలే బూడిదై గిన్నెల మడ్డిని, ఆ డొక్కలే పొగై సాయంత్రపు దోమలను సంహరించాయి. ఫినాయిలు నిష్క్రమించి ఉప్పునీళ్ళు ప్రవేశించాయి. టీ పొడి ఎండలో ఆరి పునర్జన్మ ఎత్తింది. అరిగిపోయిన స్నానపు సబ్బు ముక్కలన్నీ ఒక పాత మేజోడులో చేరి ఉమ్మడి కుటుంబంగా నురగలు కక్కాయి. తీరిక గల పండితుడెవరైనా పూనుకుంటే దీనిమీద ఒక భాష్యం రాయవచ్చు. రాసేవాడు మగవాడే అవుతాడు. తీరిక అన్నాను కదా.

ఈ శాస్త్రంలో ఒక ధర్మసూక్ష్మం ఉంది. ఆడవాళ్ళు వాడే వస్తువులకు బదులు క్షణంలో దొరుకుతుంది. మగవాళ్ళు వాడేవాటికి ముల్లోకాలు గాలించినా దొరకదు. మా ఆయన తాతాజీగారి సిగరెట్టుకు, గడ్డపు క్రీముకు, సాయంత్రం సెంటర్లో స్నేహితులకు పోయించే టీకి ప్రత్యామ్నాయం ఏ మహర్షీ చెప్పి ఉండలేదు. అక్క కూతురు సుప్రియ నెలసరికి కొనే ప్యాకెట్టుకు మాత్రం అత్తగారు ఒక్క మధ్యాహ్నంలో కనిపెట్టేశారు. తామంతా బతకలేదేంటని అడిగి, నా పాత వాయిల్ చీరను నిలువునా చింపి ఇచ్చారు. ఆ గుడ్డలను ఉతికి, మగవాళ్ళ కంటపడకుండా లంగాల కింద దాచి ఆరేసే పని నాది. దాచిన గుడ్డకు ఎండ తగలదు, వానాకాలంలో అయితే అసలే ఆరదు. ఆ చెమ్మగుడ్డతోనే పిల్ల ఇంటర్ కాలేజీకి వెళ్ళి, తొడలు ఒరుసుకుపోయి, సాయంత్రం కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చేది. కొబ్బరినూనె రాస్తూ నేను తల ఎత్తలేకపోయేదాన్ని. నేను అల్లే లేసుకు నరసాపురం ఏజెంటు ఇచ్చే డబ్బు ఆయన చొక్కా జేబులోకి సరాసరి చేరేది. ఆ అల్లిక మా ఇంట్లో ఖాళీగా కూర్చోవడం కింద లెక్క. సుప్రియే నాకు ధైర్యం చెప్పేది. పర్లేదు పిన్నీ, సరిపోతుంది, అనేది.

ఆ పిల్ల చిన్నప్పుడు ఒక వినాయక చవితినాడు, పంతులుగారు "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటే అర్థమేమిటని అడిగింది. స్వామికి పట్టుబట్ట పెట్టే స్తోమత లేనప్పుడు నాలుగు అక్షింతలు వేసి, ఇదే పట్టుబట్ట అనుకో స్వామీ అని వేడుకోవడమని చెప్పాను. దేవుడు ఒప్పుకుంటాడా అంది. ఆయన్ని ఎవరడిగారు అన్నాను. అక్షింతలనూ ఎవరూ అడగరని మాత్రం ఆ పసిదానికి చెప్పలేదు.

అక్క కామెర్లతో పోయేనాటికి సుప్రియ ఇంకా పాలు మానని బిడ్డ. నేను పెనుగొండలో డిగ్రీలో చేరి, పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్నాను. ఏడాది తిరగకుండానే మా అమ్మ నా తలకు నూనె పెడుతూ, పరాయి ఆడది వచ్చి ఆ బిడ్డను రాచిరంపాన పెడితే అక్క ఆత్మ ఘోషిస్తుందని, అక్క బిడ్డ నా బిడ్డ కాదా అని, నెమ్మదిగా నేనే సర్దుకుపోతానని చెప్పింది. పత్న్యర్థం అక్షతాన్ సమర్పయామి. ఈ మంత్రాన్ని ఏ పంతులూ పైకి చదవలేదు గానీ జరిగిన క్రతువు అదే. భోజనాలు ఇంటివాళ్ళకే, మేళం దండగ. అక్క జాకెట్లు కుట్లు లోపలికి వేస్తే నాకు సరిపోయాయి. అక్క గాజులు, అక్క మంచం, మంచంమీద అక్క వైపు. పెళ్ళయిన ఏడాదే నా కడుపున ఒక నలుసు పడితే అత్తగారు ఆశ్చర్యపోయారు. "ఇంట్లో పిల్ల ఉందిగా. ఉండగా ఇంకోటి ఎందుకే?" అన్నారు, బజారులో రెండో చీపురు కొన్నానేమో అన్నట్టు. ఆయన పేపరు మడుస్తూ నిజమే కదా అన్నారు. ఆస్పత్రినుంచి బస్సులో తిరిగి వచ్చాం. ఆటో దండగ. ఆ తరువాత నా శరీరమే ఇంటి పద్ధతి తెలుసుకుంది కాబోలు, మరి ఎవరినీ ఆహ్వానించలేదు.

మొన్న రొయ్యపిల్లల వ్యాపారి అమ్మిరాజుగారు వచ్చినప్పుడు, పునర్జన్మ ఎత్తిన టీ పొడితోనే టీ ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశారు. మా ఆయన నొచ్చుకుని, చమత్కారంతో పరువు నిలబెట్టుకోబోయారు. "ఏదో సరిపెట్టుకోవాలండి అమ్మిరాజుగారూ. పెద్దావిడ పోతే చిన్నావిడతో సరిపెట్టుకోలేదేంటి మేం?" ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. గ్లాసులు తీసేటప్పుడు ముఖాన నవ్వు ఉండటం ఇంటి మర్యాద.

దంచిన బియ్యం మొలకెత్తవని లోకానికి తెలుసు. నేను మొలకెత్తాను. ఎప్పుడని అడిగితే చెప్పలేను. జ్వరంతో కాలిపోతూ సుప్రియ నా మెడ పట్టుకుని వదలని ఒక వానాకాలపు పగలు కావచ్చు. తన ఊడిన పన్నును నా గుప్పిట్లో దాచమని ఇచ్చిన పూట కావచ్చు. ఒకసారి నన్ను అమ్మా అని పిలిచింది. అత్తగారు ఆ పిల్లను హాల్లోకి నడిపించుకు వెళ్ళి, పటం చూపించి, అమ్మ అదిగో, ఇది పిన్ని, తల్లికి బదులుండదు అని దిద్దారు. బూడిదకూ మందారాకుకూ పట్టంగట్టగల ఈ ఇంట్లో, ప్రత్యామ్నాయం పనికిరాని ఆడవాళ్ళ వస్తువు అదొక్కటే అయింది. సుప్రియ దిద్దుకుంది. కానీ ఆ నోట పిన్నీ అన్న పిలుపు పెరటిదాకా, చెరువు గట్టుదాకా నన్ను వెతుక్కుంటూ వచ్చేది. ఆ పిలుపు కోసమే నేను ఈ ఇంట్లో రోజూ నిద్ర లేచాను. వేరే కారణమేదీ లేదు. ఉందని ఎవరికైనా అనిపిస్తే అది నా నటనా కౌశలం.

ఈ వేసవిలో సుప్రియకు రాజమండ్రిలో నర్సింగు సీటు వచ్చింది. అదే వారంలో పెనుగొండనుంచి మా అమ్మ ఫోను చేసింది. నా తమ్ముడు గణేష్‌బాబు భార్య రమ్యశ్రీ పురిట్లో పోయి ఆరు నెలలైంది. పసివాడు సీసాపాలు సరిగ్గా తాగడం లేదు. పరాయి ఆడది వస్తే ఎలా చూస్తుందో. సుప్రియ అయితే సొంత మేనకోడలు.

అమ్మ మాటల వరుస మారలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట నా తలమీద పోసిన నూనె చుక్కలే ఒక్కొక్కటిగా ఫోనులోంచి రాలాయి.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ, తమ్ముడు, పసివాడు వచ్చారు. హాల్లో సభ తీరింది. కాలేజీ ఖర్చూ పెళ్ళి ఖర్చూ ఒక్క దెబ్బకు తప్పుతున్నాయని మా ఆయన ముఖం చాలాకాలానికి వెలిగింది. మేనమామేగా, పరాయివాడేం కాదుగా అని అత్తగారు ఆశీర్వదించారు. నా తమ్ముడు చెడ్డవాడు కాడు. నేల చూస్తూ, "సుప్రియకి ఇష్టమైతేనే అక్కా" అన్నాడు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది. ఆ ఇష్టాన్ని సమకూర్చే పని నాకు అప్పగించారు. నువ్వు చెబితే వింటుందే అని అమ్మ నా భుజం తట్టింది. దేనికైనా బదులు చూడగల ప్రతిభకు ఎట్టకేలకు రాజసన్మానం జరిగింది.

సుప్రియ వంటింటి గడపమీద కూర్చుని ఉంది. ఒళ్ళో పసివాడు. స్పూనుతో పాలు పడుతోంది, వాడు చప్పరిస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే అంది.

"నాకు తెలుసులే పిన్నీ. ఒప్పుకుంటాను."

రాజమండ్రి సంగతేమిటని అడిగాను.

"నర్సింగ్ అయినా సేవేగా. ఆ సేవేదో వీడికే చేస్తాను." చున్నీతో వాడి మూతి తుడిచింది. "నువ్వు నా కోసం డిగ్రీ మానేసి రాలేదా? చక్కగా సర్దుకున్నావుగా. ఎప్పుడూ నవ్వుతానే ఉంటావు. నిన్ను చూసే నాకు ధైర్యం."

నా శాస్త్రమంతా ఆ గడపమీద కూర్చుని ఉంది. నాకు తెలియకుండా నేను తయారుచేసిన ఏకైక శిష్యురాలు. ఈ బిడ్డ తానొక బరువని ఎన్నడూ అనుకోకూడదని నేను నవ్వాను. వాళ్ళ నాన్న విసిరిన కంచం ఏరుకుంటూ నవ్వాను, బస్సు దిగి రక్తం కారుతుండగా పడకమీదినుంచి ఈమెకు పాలబువ్వ కలిపి పెడుతూ నవ్వాను. ఆ నవ్వులన్నిటినీ ఈ పిల్ల ఒక్కటీ పోనివ్వకుండా దాచుకుంది. ఇవాళ వాటినే తీసి, నా సంసారం సుఖంగా సాగిందనడానికి సాక్ష్యంగా నా ముందు పెట్టింది. ఆమెను ఆ ఇంటికి పంపుతున్నది మా అమ్మ కాదు, ఆయన కాదు. నా ముఖం.

"నేను సర్దుకోలేదు సుప్రియా," అన్నాను.

ఆమె ముందు నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"ఒక్కరోజు కూడా సర్దుకోలేదు. ఆయనతో, మీ నానమ్మతో, ఈ ఇంటితో. పొద్దున్నే లేచిన ప్రతిసారీ పారిపోదామనుకున్నాను. ధైర్యం చాలక నవ్వాను."

స్పూను గిన్నెలో పెట్టింది. వాడి వేళ్ళు సవరించి నన్ను చూసింది. పన్ను దాచమని ఇచ్చిననాటి చూపు అది.

"నాతో కూడానా?"

నీతో తప్ప. రెండే మాటలు. అవి నా నాలుకమీద ఎప్పుడూ ఉండేవే. జీవితంలో నేను నిజంగా చెప్పవలసిన మాటలు అవే, వినవలసిన మనిషి అడుగుదూరంలో ఉంది, అడిగింది కూడా. కానీ ఆమె వేలు వాడి గుప్పిట్లో ఉంది. నీతో తప్ప అంటే ఆమె వాడివైపు చూస్తుంది. ఆ ఒక్క 'తప్ప' చాలు, ఆడది ఒక ఇంట్లో జన్మంతా ఉండిపోవడానికి. నాకు చాలింది కదా. ఏ వస్తువుకైనా బదులు చూడగల నేను, ఆ నిజానికి బదులు వెతికాను. దొరికింది.

"నీతో కూడా," అన్నాను.

ఆమె ముఖంలో ఏదో ఒకటి చాలా నెమ్మదిగా, దీపం కొండెక్కినట్టు, లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. వాడి గుప్పిట్లోంచి వేలు విడిపించుకుని, వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. నా చేతులకు తన చేతులు తగలకుండా పెట్టింది. లేచి హాల్లోకి నడిచింది. నేను పసివాణ్ణి ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళాను.

"నాకిష్టం లేదు మామయ్యా," అంది. "నేను రాజమండ్రి వెళ్తాను."

తమ్ముడు తల పంకించాడు. అమ్మ చేతిలోని తమలపాకు ఒళ్ళోకి జారింది. మా ఆయన సిగరెట్టు వెలిగించబోయి ఆగారు. అత్తగారు ముందుగా తేరుకున్నారు.

"ఎవరే నీకీ మాటలు నేర్పింది?"

సుప్రియ వెనక్కి, నావైపు తిరగలేదు.

"ఆవిడే చెప్పారు," అంది.