టేపు తిరిగేంతసేపు

"వదినా, టేపు ఎక్కిచ్చినం!" అని ముందుగదిలోంచి దేవిదాస్ కేకేశాడంటే, చాయ్ పెట్టమని అర్థం. శారమ్మకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆదివారం వెంట ఆదివారం దానంతటదే అలా స్థిరపడిపోయింది. వాళ్లు కట్టుకున్న పాతకాలపు కంప్యూటర్‌లోకి ఆట ఎక్కాలంటే క్యాసెట్ టేపు తిరగాలి. అది కీచుమని అరుస్తూ ఐదు నిమిషాలు తిరుగుతుంది. ఆ ఐదు నిమిషాల్లో స్టౌ మీద చాయ్ మరుగుతుంది. లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి! కుదరకేం, కూర్చున్నవాళ్ల లెక్కలు ఎప్పుడూ కుదురుతాయి. ఆట మొదలయ్యేసరికి ఆమె గ్లాసులు అందిస్తుంది, ఆట రసపట్టులో ఉండగా ఆ గ్లాసులే కడుగుతుంది. ఆ కుర్చీల్లో వాళ్లతోపాటు కూర్చుని ఒక్క ఆటనైనా ఆమె మొదటినుంచీ చూసింది లేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. బోధన్ బస్టాండు పక్కన ఇంటర్నెట్ షాపు కూడా వెలిసింది. అలాంటి రోజుల్లో, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లో ముగ్గురు మగాళ్లకు ఎనభైల నాటి కంప్యూటర్‌ను తమ చేతులతో కట్టాలని పిచ్చి పట్టింది. శారమ్మ భర్త హనోకు ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసేవాడు. ఆయన స్నేహితుల్లో దేవిదాస్ బ్యాంకు క్లర్కు, లింబయ్య టీవీ మెకానిక్కు. చిప్పులు హైదరాబాద్ కోఠీ నుంచి తెచ్చారు. ఏదో పాత పత్రికలోంచి పటం కోసి గోడకు అంటించారు. లింబయ్య తన దుకాణంలో మూలపడ్డ బ్లాక్ అండ్ వైట్ టీవీని మోసుకొచ్చాడు. తీరా టంకం వేయాల్సి వచ్చేసరికి హనోకు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "శారా, గివి మస్తు సన్నగున్నయ్, నాకు ఆనుతలేవు. నీకు సూది పని అలవాటే గదా, జర అతికియ్యి" అన్నాడు.

అతికించింది. పప్పు పొయ్యి మీద పెట్టి ఒక చిప్పు, బట్టలు ఆరేసి వచ్చి ఇంకో చిప్పు. మొదటిసారి టీవీ తెర మీద తెల్ల చుక్క మిణుకుమన్నప్పుడు ఆమెకు ఒళ్లు జలదరించింది. "చేసినం రా!" అని మగాళ్లు ముగ్గురూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఆ తర్వాత చాయ్ అడిగారు.

ఇక ఆటలు తయారు చేయడం. ఆటలో బొమ్మంటే నిలువు ఎనిమిది గడులు, అడ్డం ఎనిమిది గడులు. ఏ గడి నింపాలో, ఏది వదలాలో తెలియాలి. వాళ్లు గీసిన ఎద్దు అచ్చం స్టూలులా ఉంటే, చర్చి బల్లగుడ్డలకు గడులు లెక్కపెట్టి క్రాస్ కుట్టు వేసే శారమ్మ దాన్ని చెరుకుబండి లాగే ఎద్దుగా దిద్దింది. టైపు కొట్టడమూ ఆమె వంతే. పెళ్లికి ముందు నిజామాబాద్‌లో టైపు హయ్యర్ పాసై, నలుగురికి నేర్పిన మనిషి. "మాకేం తక్కువైందని?" అని పెళ్లయ్యాక అత్తవారు మాన్పించారు. ఇప్పుడు హనోకు కుర్చీలో వాలి ప్రోగ్రాం చదివేవాడు, ఆమె కొట్టేది. ఆయన తప్పు చదివితే, తప్పని అనకుండా సరిచేసి కొట్టేది. అంటే ఆయన మొహం చిన్నబోతుంది మరి. మొగుడి మొహం చిన్నబోకుండా చూసుకోవడమూ ఇంటిపనే, దానికి ఆదివారం సెలవు కూడా లేదు.

"మగోళ్ల నడుమ ఆడిది కూసుంటదా? సూసినోళ్లు ఏమనుకుంటరు?" అని అత్త కమలమ్మ గుమ్మంలోంచి గొణిగేది. కోడలు టంకం వేసినన్నాళ్లూ మాత్రం ఆమె ఆ మాట అనలేదు. పనిచేస్తుంటే కూర్చున్నట్టు కాదు కాబోలు.

కొట్టి కొట్టి ప్రోగ్రాం రాయడం పట్టుబడ్డాక, మధ్యాహ్నాలు అత్త కునుకు తీసే వేళ, శారమ్మ తనదైన ఆట ఒకటి కట్టింది. తెర నిండా వంటిల్లు, మధ్యలో చీర కట్టిన ఒక బొమ్మ. పాలు పొంగుతాయి, కుక్కర్ కూస్తుంది, నల్లాలో నీళ్లొస్తాయి, పక్కగదిలోంచి చాయ్ అడుగుతారు. బొమ్మ ఉరకాలి. ఒకటి అందుకునేలోపు ఇంకోటి చేజారుతుంది. ఒక ఆదివారం దేవిదాస్ ఆడి ఆడి, ఓడి ఓడి, "వదినా, గిదేం ఆట! గెలుసుడు ఏడున్నది గిండ్ల?" అని అరిచాడు. గ్లాసులు కడుగుతూనే, "నాకు దొరికినంక చెప్త అన్నా" అంది శారమ్మ.

అంతలో నిజామాబాద్ నుంచి జయరాజ్ సార్ వస్తానని కబురు పంపాడు. జిల్లాలో ఈ పాత యంత్రాల పిచ్చివాళ్లందరినీ కలిపే పెద్దమనిషి ఆయన. నచ్చిన ఆటను హైదరాబాద్‌లో తమవాళ్లు పెట్టుకునే మేళాకు పట్టుకుపోతాడు. మొదటి తెర మీద చేసినవాళ్ల పేరు ఉండాలట.

"నీ ఆటనే సూపెడదాం. నా పేరు ఎక్కియ్యి శారా" అన్నాడు హనోకు, సబ్బు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. "నీ పేరు హైదరాబాద్‌ల ఎవలికి ఎర్క? ఇంట్ల ఎవలదైతేంది?"

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. శారమ్మకు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. టంకం వేస్తే సాయం అన్నారు. బొమ్మలు గీస్తే సాయం అన్నారు. రాత్రింబవళ్లు చాకిరీ చేస్తే దానికి ఆ పేరు కూడా పెట్టలేదు. కానీ ఇది సాయం కాదు, నా తలలోంచి వచ్చింది. ఇదీ ఇచ్చేస్తే ఇక నాదని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? ఆ ప్రశ్న బియ్యం ఏరుతున్నా వదలలేదు, చర్చిలో మోకాళ్ల మీద ఉన్నా వదలలేదు. మధ్యాహ్నం మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది. సాయంత్రం హనోకు అడిగితే, "మీ పేరు ఎక్కిచ్చిన" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చేరారు. జయరాజ్ సార్‌ను మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. "వదినా, టేపు ఎక్కిచ్చినం!" అన్నాడు దేవిదాస్.

శారమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్టూలు లాక్కుని టీవీకి ఎదురుగా కూర్చుంది.

"చాయ్?" అన్నాడు హనోకు మెల్లగా.

"నా ఆట. మొదటినుంచి చూస్త."

టేపు కీచుమంటూ తిరిగింది. ఐదు నిమిషాలు ఎంత పొడుగో ఆమెకు అప్పుడే తెలిసింది. గుమ్మంలో అత్త దగ్గింది. అయినా లేవలేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆ యంత్రానికి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు కాబట్టి తెలుగు మాటలే ఆ అక్షరాల్లో ఉన్నాయి: "చేసింది శారమ్మ. ఆడేది హనోకు." ఆ వెనకే వంటిల్లు, మధ్యలో బొమ్మ. ఈసారి బొమ్మకు చీర లేదు, ప్యాంటూ కళ్లజోడూ ఉన్నాయి. పైన, "హనోకూ, చాయ్ పెట్టు!"

జయరాజ్ సార్ పగలబడి నవ్వాడు. దేవిదాస్ నవ్వబోయి, హనోకు మొహం చూసి ఆగిపోయాడు.

"పేరు ఎక్కియ్యమన్నరు గదా" అంది శారమ్మ.

"నువ్వే చేసినవా అమ్మా ఇది?" అని అడిగాడు సార్.

"నేనే సార్." ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

హనోకు లేచాడు. బయటికి విసురుగా పోతాడనుకుంది. ఆయన తెర మీద ఉరుకుతున్న ఆ కళ్లజోడు బొమ్మను కాసేపు అలాగే చూశాడు. పాలు పొంగిపోయాయి, కుక్కర్ కూసింది. వంటింట్లోకి నడిచాడు. కమలమ్మ కొడుకు వెంట లేవబోయింది.

"మీరు గూడ కూసోండ్రి అత్తమ్మా, ఆట చూడుండ్రి" అంది శారమ్మ. ముసలామె తటపటాయించి, గుమ్మం దాటి వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది.

వంటింట్లో గిన్నెల చప్పుడైంది, డబ్బాల మూతలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి చక్కెర ఫ్యాక్టరీలోనే తల నెరిసిన మనిషి, లోపలినుంచి గొంతెత్తి అడిగాడు.

"శారా, షక్కర్ ఏడున్నది?"

శారమ్మ తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు.

"దేవులాడుకోండ్రి" అంది.