అడగకుండా వదిలేసిన ప్రశ్న

మిట్టమధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె సెగకి ఆ ఒంటిగది ఉడికిపోతోంది. పొద్దుట్నుంచి రెండిళ్లవాళ్లు ముఖం మీదే తలుపేశారు. ఈ ఇల్లు కూడా పూర్తికాకపోతే సర్వే అమ్మాయికి ఈ రోజు కూలి లేనట్టే. గడప దగ్గరే చతికిలబడి ట్యాబ్ తెరిచింది.

"రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తావక్కా?"

"నాకంత తీరికెక్కడిది? ఓ అరగంట," అంది ఇస్త్రీ చేసే ఆమె, కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ.

ఆమె ఫోన్‌లో సర్వే కంపెనీ యాప్ ఉంది. ఏం చూసినా, ఏం వెతికినా అది రాసుకుంటుంది. జనం ఫోన్‌లో చేసేదీ, అడిగితే చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ సర్వే. బదులుగా నెలనెలా రీచార్జి. యాప్ పెట్టింది ఈ అమ్మాయే. "నీ సంగతులు ఎవరికీ తెలియవక్కా, కంపెనీకి లెక్కలే పోతాయి" అని ధైర్యం చెప్పిందీ ఈ అమ్మాయే.

అరగంట అని నొక్కగానే ట్యాబ్‌లో ఎర్రగీత పడింది.

"మూడు గంటలు చూపిస్తోందక్కా."

"అందులో సగం నావి," అంది మూల నుంచి అత్తగారు. "నా మోకాళ్ల నొప్పుల వీడియోలు కూడా దాని నెత్తినే రుద్దుతారా?"

మంచం మీద భర్త నవ్వాడు. "రాత్రి పేకాట నాది. పిల్లతో కలిపి నలుగురు దొంగలం, ఫోన్ ఒకటే. రాసుకో."

రాసుకోవడానికి చోటు లేదు. కంపెనీ లెక్కలో ఒక ఫోనుకి ఒకే మనిషి. అమ్మాయి వేలు జరిపేసరికి తరువాతి ప్రశ్న వచ్చింది. పైకి చదివి జవాబు రాయాలి.

'మొన్న మధ్యాహ్నం, ఆడవాళ్ల హాస్టల్లో పిల్లతో ఉండనిస్తారా అని వెతికారు. ఎందుకు?'

అమ్మాయి తలెత్తింది. ఆమె అటు తిరిగి చొక్కా రుద్దుతోంది. మెడ కింద, జాకెట్టు అంచు పైన, ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. తన చెయ్యి తనకి అందని చోటు.

"ఆగావేం? చదువు," అన్నాడు భర్త. "మా ఇంట్లో దాపరికాలేం లేవు."

బల్ల మీద కదులుతున్న ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అయిపోయిందన్నా," అంది అమ్మాయి, ప్రశ్న దాటేసి ట్యాబ్ మూస్తూ.

"బట్ట మాడుతోందే," అని అత్తగారు గొణిగింది.

సందు మలుపులో సూపర్‌వైజర్ ఫోన్.

"ఒకటి వదిలేశావేం? ఈ ఇంటి కూలి రాదు మరి."

"పోనీండి సార్. అది నేను అడగను."

"నువ్వడగక్కర్లేదులే తల్లీ. వదిలేసిన ప్రశ్న దానంతటదే వాళ్ల ఫోన్‌కి పోతుంది. ఈ పద్ధతి నిన్నటి నుంచే పెట్టారు."

అమ్మాయి వెనక్కి పరుగెత్తింది. తలుపు తీసే ఉంది. బల్ల చివర ఫోన్ మోగి వెలిగింది. ఇస్త్రీ చేసే ఆమె రెండు చేతుల్లోనూ తడి దుప్పటి.

"నీ పని కానివ్వు, నేను చూస్తాలే," అంటూ భర్త మంచం మీద నుంచే చెయ్యి చాచాడు.